పక్కకు చూస్తున్న స్త్రీ

జూన్ 3, సోమవారం

చేరాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరున్నారు గనక! అది వేరే సంగతి.

సోమవారం మ్యూజియానికి సెలవు. ఆ రోజు రెండో అంతస్తు హాల్లో మాలాంటివాళ్ళను నిలబెట్టి, గోడమీది పాత ఆయిల్ పెయింటింగుకు నకలు వేయిస్తారు. మనిషి బొమ్మను ఉన్నదున్నట్టు వేయడం నేర్చుకోవాలంటే ఇదే దారట. ఉన్నదున్నట్టు! ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది మరేమిటో. నోట్లో పక్కపన్ను ఏ రంగులో ఉంటే ఆ రంగులో కొత్త పన్ను చేసి డాక్టరు చేతిలో పెడతాను. తొడిగించుకున్నవాడు కూడా ఏది తనదో ఏది నాదో చెప్పలేడు. ఈ ఊళ్ళో నవ్వే నోళ్ళలో సగం నా చలవే.

మిగతావాళ్ళను చూస్తే జాలి కూడా వెయ్యలేదు. ఒక రిటైర్డ్ జడ్జి ఉన్నాడు, బ్రష్షును సంతకం పెట్టే పెన్నులా పట్టుకుంటాడు. ఒక బ్యాంకు క్యాషియరమ్మ ఉంది. పెట్టె తెరవగానే ఆవిడ చెయ్యి గులాబీ రంగు ట్యూబు మీదికే వెళ్ళింది. పేరు చెప్పింది కానీ నాకక్కర్లేదు, గులాబీ అంటే చాలు. మిగిలినవాళ్ళు లెక్కలోకి రారు.

నేర్పే మాస్టారు ప్రతి మాటకూ ముందు "చూడండి" అంటాడు. చూడకపోతే ఇక్కడికెందుకొచ్చాం?

బొమ్మ పేరు 'పక్కకు చూస్తున్న స్త్రీ'. తలుపంత ఎత్తుంది. వేసినవాడి పేరు తెలియదట. ఒక మోచెయ్యి బల్లమీద ఆనించి కూర్చుంది, ఒళ్ళో ఆకుపచ్చ గుడ్డ, మొహం కొంచెం తిప్పి పక్కన ఎవరినో చూస్తోంది. పెదవులు బిగించింది. ఆ చూపు చూడాలి! ఎదుటివాణ్ణి పూచికపుల్ల కింద తీసిపారేసే చూపు. ఆ హాల్లో నాతో సమానమైన మనిషి ఆమె ఒక్కతే.

జూన్ 6

కుట్టుమిషన్ అడ్డంగా ఉంది. కిటికీ దగ్గరి వెలుతురంతా అదే తింటోంది. వచ్చి తీసుకెళ్ళమని చెప్పాలి.

జూన్ 10, సోమవారం

ఈరోజంతా దారానికి సీసపు గుండు కట్టి వేలాడదీయడమే పని. ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, ముక్కు కింద సూటిగా ఏముంది, మోచేతికి పైన ఏముంది అని దారం వెంబడి చూసి కాన్వాసు మీద బొగ్గుతో గుర్తులు పెట్టాలి. నిలబడాల్సిన చోటు నేలమీద టేపు అంటించి చూపించారు. అక్కణ్ణించే చూడాలి, ముందుకొచ్చి గీయాలి, మళ్ళీ అక్కడికే వెళ్ళాలి. జడ్జిగారు కాసేపు అటూ ఇటూ తిరిగి కుర్చీలో కూలబడ్డాడు. పైగా దారం వంకరగా ఉందంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!

నా గీత వెంట్రుకవాసి తేడా రాలేదు. మాస్టారు నా వెనక చాలాసేపు నిలబడ్డాడు.

"చూడండి, కొలత బాగా కుదిరింది."

"కుదరక ఏమవుతుంది?" అన్నాను.

"ఈవిడ ఎవరి వంక చూస్తోందంటారు?"

"అది నా పనా?"

"కొంచెం మన పనేనండీ" అని పక్కకు వెళ్ళిపోయాడు.

పనికిమాలిన ప్రశ్న. ఎవరి వంక చూస్తే మనకేం, కనుపాప ఎక్కడుందో అక్కడ వేస్తే చాలదూ?

టీ దగ్గర గులాబీ పలకరించింది, మీరేం చేస్తుంటారని. చెప్పాను. పళ్ళ రంగులకు మా దగ్గర నెంబర్లుంటాయనీ, తెల్లటి ఏ-వన్ మొదలుకొని బూడిదరంగు సీ-ఫోర్ దాకా ఒక వరస ఉంటుందనీ, మనిషి నోరు తెరిస్తే చాలు నాకు మొహం కంటే ముందు నెంబరు కనిపిస్తుందనీ వివరంగా చెప్పాను.

"అబ్బో! అయితే నాదెంతండీ?" అని నవ్వింది.

"ఏ-త్రీ. కింది వరస ఇంకా ముదురు."

టీ అయ్యేదాకా ఆవిడ మళ్ళీ నోరు విప్పలేదు. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా.

జూన్ 13

బామ్మర్దికి ఫోన్ చేశాను. మిషన్ గురించే. వాడు కారు డ్రైవింగ్ నేర్పుతాడు. ఫోన్ ఎత్తినా పక్కవాడి మీద అరుస్తూనే ఉంటాడు.

"బావా! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! ఒరే నాయనా, క్లచ్చు తొక్కు, క్లచ్చు!"

"మీ అక్క మిషన్ ఇక్కడ అడ్డంగా ఉంది. వచ్చి తీసుకెళ్ళు."

"ఆదివారం వస్తాలే. అక్కకేమైనా చెప్పమంటావా?"

"మిషన్ సంగతి చెప్పు."

"అంతేనా?"

"ఇంకేముంటుంది?"

వాడు నవ్వాడు. ఫోన్లో కనిపించకపోయినా నాకు తెలుసు, వాడు నవ్వితే పళ్ళు చిగుళ్ళతో సహా బయటికొస్తాయి. అందులో ముందున్న రెండూ నేను చేసినవే. నా పళ్ళు పెట్టుకుని నన్నే చూసి నవ్వుతాడు వెధవ.

జూన్ 16, ఆదివారం

బామ్మర్ది చిన్న ట్రక్కు మాట్లాడుకుని వచ్చాడు. మబ్బు పట్టిందని పంపించేశాను. మిషన్ తడిస్తే తుప్పు పడుతుంది.

వాన రాలేదు.

జూన్ 20

తప్పెవరిదో ఒకసారి రాసిపెట్టుకుంటే మంచిది. లేకపోతే పదిమంది పదిరకాలుగా చెప్పి చివరికి నన్నే దోషిని చేస్తారు.

మా ఆవిడకు పైవరసలో ముందు పన్ను ఒకటి నల్లబడి ఉంటుంది. చిన్నప్పుడు మెట్లమీద పడిందట. సీ-ఫోర్. నేను పళ్ళు చేసేవాణ్ణి, నా పెళ్ళాం నోట్లో సీ-ఫోర్! చూసేవాళ్ళు నా గురించి ఏమనుకుంటారు? ఈ మాట ఆవిడతో నెమ్మదిగా ఎన్నిసార్లు చెప్పానో. ఫోటో తీసేటప్పుడు చెప్పాను, చుట్టాలొచ్చినప్పుడు చెప్పాను, గుర్తొచ్చినప్పుడల్లా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

చివరికి నేనే ఒక పన్ను చేశాను. పక్కపన్ను రంగు గుర్తుపెట్టుకుని, వెలుతురు పడితే అంచు దగ్గర కొంచెం నీలంగా మెరిసేలా చేశాను. నా చేతిమీద అంత అందమైన పన్ను ఇంకోటి రాలేదు. మా పెళ్ళిరోజున చుట్టాలంతా భోజనాల దగ్గరుండగా డబ్బీలో పెట్టి ఆవిడకిచ్చాను. ఉన్న పన్నును కాస్త అరగదీయించి దీన్ని తొడిగించుకో, ఇక చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వొచ్చు అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ డబ్బీ మూసి నా కంచం పక్కన పెట్టింది.

"చెయ్యెందుకు అడ్డం పెట్టుకుంటున్నానో మీకు తెలుసా?" అంది.

"పన్ను బాగోలేదని."

"పెళ్ళికి ముందు ఎప్పుడూ పెట్టుకోలేదు."

మర్నాడు తమ్ముడింటికి వెళ్ళిపోయింది. గాడిదకేం తెలుసు గంధపు వాసన!

డబ్బీ అద్దం దగ్గర అరలో ఉంది. అడిగిన రోజున ఇస్తాను. అడక్కుండా ఎక్కడికి పోతుంది.

జూలై 1, సోమవారం

కబురు! సెప్టెంబరులో ఆ బొమ్మను శుభ్రం చేయడానికి పంపిస్తారట. నెలల పని. అన్నాళ్ళూ గోడ బోసిగా ఉండకూడదని, మా నకళ్ళలో ఒకదాన్ని ఎంచి ఆ చోట వేలాడదీస్తారట. మాస్టారు చెప్పగానే జడ్జిగారు పొట్ట లోపలికి పీల్చి నిటారుగా నిలబడ్డాడు. ఎందుకో మరి. ఆయన బొమ్మలో మోచెయ్యి గుమ్మడికాయలా ఉంది.

నాదే పెడతారు. ఇంకెవరిది?

పెడితే ఆవిడకు తెలుస్తుంది. తెలిస్తే వస్తుంది. మ్యూజియం గోడమీద మొగుడి చేతిపని చూస్తే, ఎవరిని కాదనుకుని వెళ్ళిందో అప్పుడు అర్థమవుతుంది. ఆ రోజు డబ్బీ జేబులో పెట్టుకుని వెళ్తాను. గొడవేమీ పడను. చెయ్యి చాపితే ఇస్తాను, ఇంటికి తీసుకొస్తాను. అంతే. ఈ బొమ్మ దానికోసం వేస్తున్నానని కాదు.

జూలై 8, సోమవారం

గోధుమరంగు పూత ఆరింది, దానిమీద బూడిదరంగు పూత ఆరింది. ఇవాళ్టి నుంచి రంగులు. మొదటి పూతల్లో నూనె తక్కువ, పైపూతల్లో ఎక్కువ, లేకపోతే రంగు పగుళ్ళిస్తుందని మాస్టారు మళ్ళీ చెప్పాడు. మాకు పళ్ళ పింగాణీని పొరలు పొరలుగా కాల్చడం వెన్నతో పెట్టిన విద్య. ఈయన నాకు చెప్పొచ్చాడు.

ఆమె ఒంటిరంగు తేనెరంగు. పసుపుమట్టి, కొంచెం ఎరుపు, ఆవగింజంత నలుపు. రంగులు కలిపే కత్తి చివర రంగు పెట్టుకుని దూరం నుంచి ఆమె భుజం మీదికి చాచి చూశాను. కలిసిపోయింది, కత్తిమీద ఏదీ లేనట్టే!

"చూడండి, మీ కన్ను గొప్పది" అన్నాడు మాస్టారు. "అయితే ఒక్క మాట. ఈ బొమ్మ మీద వార్నిష్ పాతబడింది. మీరు వేస్తున్నది ఆనాటి రంగా, ఇప్పుడు కనిపించే రంగా? ఏదైనా వెయ్యండి. ఏది వేస్తున్నారో మీకు తెలిసుంటే చాలు."

"కనిపించేది వేస్తాను. కనిపించనిది ఊహించి వెయ్యడం మోసం" అన్నాను. "గారపట్టిన పళ్ళ మధ్య తెల్లటి పన్ను పెడితే దొంగలా దొరికిపోతుంది. పక్కదానికి కలవాలి, అదే లెక్క."

ఆయన తలూపాడు. జవాబు లేనప్పుడు అందరూ అలాగే ఊపుతారు.

గులాబీ బొమ్మ చూసి నవ్వాపుకోలేకపోయాను. ఒళ్ళంతా అప్పుడే పుట్టిన పాపాయిలా గులాబీగా వేసింది. అది చాలదన్నట్టు ఆకుపచ్చ గుడ్డను నీలంగా వేసింది!

"అది ఆకుపచ్చండీ" అన్నాను.

"తెలుసండీ. నీలమైతే బాగుంటుందనిపించింది."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అయినా ఇలాంటివాళ్ళ చేతికి బ్యాంకువాళ్ళు డబ్బెలా ఇస్తారో.

జూలై 15

మిషన్ బల్లమీద రంగులు కలుపుకుంటున్నాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది. ఎలాగూ తీసుకెళ్ళేదాకా ఊరికే పడి ఉండేదే.

జూలై 22, సోమవారం

పెదవుల దగ్గర పని ముందుకు సాగడం లేదు. తప్పు నాది కాదు. ఆ పాత పెయింటరుదే. పెదవులు బిగించి ఉన్నాయి కదా, అలాంటప్పుడు చెంప కిందికి దిగాలి. ఇక్కడ చెంప పైకి లేచి ఉంది. కింది రెప్ప దగ్గర కండ చిన్న మడతగా ఉబ్బింది. మొహం పైభాగం ఒకరిది, కిందిభాగం ఇంకొకరిది అన్నట్టుంది. ఇన్నేళ్ళుగా ఇంతమంది ఈ బొమ్మ ముందు నోరెళ్ళబెట్టుకుని నిలబడ్డారు, ఒక్కడికైనా కనిపించలేదు. నాకు కనిపించింది. అయినా సరే, తప్పును తప్పుగానే వేస్తాను. దిద్దే పని నాది కాదు.

మాస్టారితో అన్నాను. ఆయన కళ్ళు చికిలించి ఆ మూతినే చూస్తూ ఉండిపోయాడు.

"నాకూ ఎప్పుడూ ఏదో తేడాగానే ఉంటుందండీ. చూడండి, ఒక పని చెయ్యండి. ఇంట్లో ఎవరినైనా కిటికీ పక్కన కూర్చోబెట్టి ఇలా పక్కకు చూడమనండి. పెదవులు బిగిస్తే చెంప ఏమవుతుందో, వదిలేస్తే ఏమవుతుందో మీకే తెలుస్తుంది."

ఇంట్లో వెలుతురు సరిపోదన్నాను.

జూలై 23

అద్దం ముందు నేనే కూర్చుని మూతి బిగించి పక్కకు చూశాను. చెంప లేవలేదు. నా చెంపలు అలాంటివి కావు.

జూలై 25

వాన. కిటికీ సందులోంచి జల్లు కొడుతోంది. మిషన్ మీద దుప్పటి కప్పాను.

జూలై 28, ఆదివారం

బామ్మర్ది వచ్చాడు. తలుపు తియ్యలేదు. లేననుకుని పోతాడనుకున్నాను.

"బావా! నీ చెప్పులు బయటే ఉన్నాయి!" అని వీధంతా వినబడేలా అరిచాడు. "మిషన్ కావాలంటే అట్టే పెట్టుకో, నాకేం. కానీ అక్క పక్కింటావిడ దగ్గర మిషన్ అడుక్కుని కుట్టుకుంటోంది. తెలుసుకో!"

అడుక్కోవడమెందుకు? తనది ఇక్కడుంది, వచ్చి కుట్టుకోవచ్చుగా. ఎవరొద్దన్నారు?

ఆగస్టు 12, సోమవారం

ఎంపిక అయింది. నాదే.

మ్యూజియం పెద్దావిడ ఒకరు వచ్చారు. కళ్ళజోడు నుదుటిమీదికీ ముక్కుమీదికీ మారుస్తూ అన్నీ చూశారు. జడ్జిగారి బొమ్మ దగ్గర దగ్గారు. గులాబీ బొమ్మ దగ్గర "ముచ్చటగా ఉంది గానీ అసలు దానికీ దీనికీ పోలికే లేదమ్మా" అన్నారు. నా దగ్గరికొచ్చి అసలును చూసి, నాది చూసి, మళ్ళీ అసలును చూసి, "ఇదే అసలని చెప్పినా నమ్మేస్తారు" అన్నారు.

మాస్టారు నా భుజం తట్టాడు. ఆ తట్టడంలో జాలిలాంటిది ఏదో ఉంది. కుళ్ళు అయ్యుంటుంది.

గులాబీ కూడా వచ్చి అభినందించింది. పెదవులు తెరవకుండానే. ఈ క్లాసులో నా దగ్గరికొచ్చి మాట్లాడేవాళ్ళందరూ ఈమధ్య అలాగే మాట్లాడుతున్నారు. అదేం అలవాటో.

సాయంత్రం బామ్మర్దికి ఫోన్ చేశాను.

"సెప్టెంబరు నుంచి మ్యూజియం గోడమీద ఉంటుంది."

"ఏంటది?"

"నా బొమ్మ."

"నీ ఫోటో పెడుతున్నారా బావా? పిల్లలు జడుసుకోరూ?"

"నేను వేసిన బొమ్మరా!"

"ఓహో! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు తిన్నగా రచ్చే గెలిచేశావు. సరే సరే, అక్కకు చెప్తా. ఒరే బ్రేకు! బ్రేకురా!"

సెప్టెంబరు 2, సోమవారం

వేలాడదీశారు. మేకు సరిగ్గా కొట్టలేదు, కుడివైపు ఒక పిసరు కిందికుంది. చెబితే కొట్టినవాడు వినలేదు. నేనే స్టూలెక్కి సరిచేశాను.

సెప్టెంబరు 8

పని అయ్యాక మ్యూజియం వైపు వెళ్ళి కాసేపు హాల్లో నిలబడుతున్నాను. ఎవరి కోసమో కాదు. దానిమీద లైటు సరిగా పడుతోందో లేదో చూసుకోవాలి కదా.

ఇవాళ ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మను అడిగింది, "ఈవిడకెందుకు కోపం?" అని. "ఎవరో ఏదో అనుంటారులే" అంటూ వాళ్ళమ్మ లాక్కెళ్ళింది. కోపమట! అది కోపం కాదు, తిరస్కారం. తేడా తెలియని జనం.

సెప్టెంబరు 15

రాలేదు.

సెప్టెంబరు 29

రాలేదు. లైటు బాగానే పడుతోంది.

అక్టోబరు 20

ఎంతమంది వచ్చారో! గడ్డాలవాళ్ళు, ఫోన్లో బొమ్మ తీసుకుని తిరిగిచూడకుండా పోయేవాళ్ళు, బెంచీ కోసం వచ్చేవాళ్ళు. రావలసినవాళ్ళకు మాత్రం తీరిక లేదు. పక్కింటి మిషన్ మీద లంగాలు కుట్టుకోవాలి కదా పాపం.

నవంబరు 17

రాలేదు.

ఫిబ్రవరి 2

అసలు బొమ్మ తిరిగొచ్చిందట. శనివారం అందరినీ పిలిచి తెర తీస్తారు. మాస్టారు ఫోన్ చేసి తప్పకుండా రమ్మన్నాడు.

"నాది దించేస్తారా?" అన్నాను.

"లేదండీ. పక్కపక్కనే పెడుతున్నారు. చూడండి... మీరు కొంచెం ముందుగా వస్తే బాగుంటుంది. మీతో ఒక మాట చెప్పాలి."

ఆ మాటేదో నాకు తెలుసు. పక్కపక్కన పెట్టారంటేనే అర్థం కావడం లేదూ, రెంటికీ తేడా లేదని. ముందుగా వెళ్ళి పొగిడించుకోవలసిన ఖర్మ నాకేం పట్టలేదు. సమయానికే వెళ్తాను.

బామ్మర్దికి చెప్పాను. "అక్క వస్తానంది బావా" అన్నాడు. ఈసారి క్లచ్చు, బ్రేకు ఏమీ లేవు. నెమ్మదిగానే చెప్పాడు.

చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను.

ఫిబ్రవరి 8, శనివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

తెర తీశారు. పక్కపక్కన రెండు బొమ్మలు. ఒకటి నాది. రెండోది ఎవరిదో నాకు ముందు అర్థం కాలేదు. ఒళ్ళో గుడ్డ నీలం. మామూలు నీలం కాదు, కళ్ళు చెదిరే నీలం. ఒళ్ళు తేనెరంగు కాదు, గులాబీ. మోచేతి మడత దగ్గర నరాలు లేతగా కనిపిస్తున్నాయి. కిటికీ తెరిచినట్టు ఆ గదిలోకి పగలు వచ్చింది. ఆమె నోరు తెరిచి ఉంది. నవ్వుతోంది. పక్కనున్న ఎవరో ఏదో అన్నారు, ఆపుకోలేక నవ్వేసింది. పళ్ళు కనిపిస్తున్నాయి.

మాస్టారు అందరికీ వివరించాడు. "చూడండి, వార్నిష్ పసుపెక్కి నీలాన్ని ఆకుపచ్చ చేసింది. దాని కింద ఇంకో సంగతి బయటపడింది. మధ్యలో ఎప్పుడో ఎవరో ఈవిడ నోరు మూసేశారు. పళ్ళు కనబడేలా నవ్వడం పెద్దింటి ఆడవాళ్ళకు తగదనుకున్నారేమో, నవ్వుమీద ఇంకో జత పెదవులు వేసేశారు. చెంపల్ని మాత్రం ముట్టుకోలేదు."

నా బొమ్మ కింద చిన్న అట్ట పెట్టారు: 'శుభ్రం చేయక ముందు చిత్రం ఇలా ఉండేది.' జనం ముందు అసలును చూసి, తర్వాత నాది చూసి, "అమ్మో, ఎంత మురికి పట్టిందో!" అనుకుంటూ పోతున్నారు. నా చేతిపని బాగుందని ఒక్కరూ అనలేదు. అందరికీ మురికే కనిపిస్తోంది. గులాబీ కాస్త దూరంలో నిలబడి ఆ నీలాన్ని చూస్తోంది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఆవిడ నీలమే నిజమైంది! నా వంక చూసి ఏదో అనబోయి మానేసింది. మంచిపని చేసింది.

ఇంతకాలం బొమ్మలోని ఆమెను నాసాటి మనిషనుకున్నాను. నవ్వుతోందట.

అప్పుడు వాళ్ళొచ్చారు, అక్కా తమ్ముడూ. నేను స్తంభం పక్కన ఉన్నాను. మా ఆవిడ తిన్నగా నా బొమ్మ దగ్గరికే వెళ్ళింది. చాలాసేపు చూసింది.

"అక్కా, అచ్చం నీలాగే ఉంది కదే" అన్నాడు బామ్మర్ది.

"అవున్రా. ఆ ఇంట్లో నేనిలాగే ఉండేదాన్ని" అంది. కోపంగా అనలేదు. బస్సు ఏ వేళకొస్తుందో చెప్పినట్టు అంది.

తర్వాత పక్కకు జరిగి అసలు బొమ్మ చూసింది. "ఈవిణ్ణి చూడు. పక్కన నీలాంటి వెర్రివెధవ ఎవడో కూర్చుని ఏదో కూసి ఉంటాడు" అంది.

"నేనైతే ఇంకా బాగా కూసేవాణ్ణి. చూడు, ఆవిడ మోచెయ్యి! స్టీరింగ్ అలా పట్టుకునే కదూ నువ్వు నా కారును గేటుకు గుద్దించావు?"

ఆవిడ నవ్వింది. పెద్దగా, హాలంతా తిరిగి చూసేలా, తల వెనక్కి వేసి. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆ నవ్వు నేను చూసి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. అసలెప్పుడైనా చూశానా? చెంప పైకి లేచింది. కింది రెప్ప దగ్గర చిన్న మడత పడింది. గోడమీద ఆమెకు పడినచోటే.

సీ-ఫోర్ కనిపించింది.

నేను ఒక్క మాట కూడా అనలేదు. ఎవరిమీదైనా ఒట్టు. కానీ చూశాను. నేను చూడటం ఆవిడ చూసింది. నవ్వు మధ్యలోనే ఆగింది. చెయ్యి లేచి నోటికి అడ్డం వచ్చింది. చెయ్యి దించాక పెదవులు బిగుసుకుని ఉన్నాయి. కొలతదారం అక్కర్లేదు, ఆ మొహం నాకు బాగా తెలుసు. నెలల తరబడి దాన్నే వేశాను.

సిగ్గేసింది. ఇంతమంది వెధవల మధ్య, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో డబ్బీ పెట్టుకుని నిలబడి ఉంటే సిగ్గేసింది.

సిగ్గెందుకు? నేనేమన్నాను గనక?

డబ్బీ తియ్యలేదు.

ఫిబ్రవరి 9

పళ్ళు చేసేవాణ్ణి. ఆ నోట్లో పళ్ళున్నాయని నాకు తెలియలేదు. చెంప చెబుతూనే ఉంది. పెయింటరు తప్పన్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

క్లాసుకు వెళ్ళాను. జడ్జిగారు నన్ను చూసి గొంతు సవరించుకున్నాడు. ఓదారుద్దామని కాబోలు. అవకాశం ఇవ్వలేదు.

కొత్త కాన్వాసు పెట్టుకున్నాను. మొత్తం బొమ్మ కాదు, మొహం ఒక్కటే వేస్తానన్నాను.

"చూడండి..." అని మొదలుపెట్టాడు మాస్టారు.

"చూస్తున్నాను" అన్నాను.

ఆయన పక్కకు తప్పుకున్నాడు. ఆ రోజు ఫోన్లో తను చెప్పాలన్న మాటను కూడా ఎత్తలేదు. మంచివాడేమో. అయినా ఆ 'చూడండి' మాత్రం భరించలేం.

ఫిబ్రవరి 16

మిషన్ బల్లమీద రంగులన్నీ గీకి టర్పెంటైన్‌తో తుడిచాను. ఒకచోట పసుపుమట్టి చెక్కలోకి ఇంకిపోయింది, రాలేదు. చక్రానికి నూనె వేశాను. సూదిలో దారం ఆవిడ ఎక్కించిందే ఇంకా ఉంది. అది తియ్యలేదు.

డబ్బీలోని పన్నును పనిచోట మిగిలిపోయిన పళ్ళు వేసే సీసాలో పడేశాను. ఆ సీసాలో అంత మంచిది ఇంకోటి లేదు. అది మాత్రం ఎవరైనా ఒప్పుకోవాల్సిందే.

బామ్మర్దికి ఫోన్ చేశాను. "వచ్చే ఆదివారం రా. మిషన్ సిద్ధంగా ఉంది" అన్నాను.

"వాన వస్తే?"

"రాదులే" అన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

వాడొక్కడే వస్తాడనుకున్నాను. ఇద్దరూ వచ్చారు.

బామ్మర్దీ ట్రక్కువాడూ మిషన్ నుంచి విడదీసిన ఇనుపచట్రం ఎటు పట్టుకోవాలో తెలియక గుమ్మంలో వాదించుకుంటున్నారు. ఇద్దరు మగవాళ్ళున్నా ఒక్కరికీ మెదడు లేదు. ఆవిడ లోపలికి వచ్చింది. కుర్చీ చూపించాను, కూర్చోలేదు. గోడకు ఆనించిన బల్లచెక్కమీది పసుపు మరకను గోరుతో గీకి చూసింది.

"రాలేదు" అన్నాను. "ఎంత తుడిచినా రాలేదు."

"ఉండనివ్వండి."

కిటికీ దగ్గర క్లాసు నుంచి తెచ్చుకున్న కాన్వాసు ఉంది. బొగ్గుగీతలు, వాటిమీద బూడిదరంగు పూత. చెంప, రెప్ప కింద మడత, తెరిచిన పెదవులు. పళ్ళకు ఇంకా రంగు వెయ్యలేదు, ఆ చోట ఉత్త కాన్వాసే ఉంది. ఆవిడ దాని ముందు ఆగింది.

"దీని నెంబరెంత?" అంది.

వెటకారమే. ఆవిడకు వెటకారం వచ్చని నాకిన్నాళ్ళూ తెలియదు. జవాబు నోటిదాకా వచ్చింది. ఆ బొమ్మలో పళ్ళు ఏ-టూ, నీడ పడినచోట ఏ-త్రీ. కళ్ళు మూసుకుని చెప్పగలను.

"తెలీదు" అన్నాను.

ఆవిడ నా వంక తిరిగి చూసింది. నేను ఆవిడ కళ్ళనే చూశాను. కష్టమే అయింది, అలవాటు లేని పని. "మీకు తెలీకపోవడమా!" అంది. నవ్వొచ్చింది ఆవిడకు. చెయ్యి లేచింది. సగం దాకా లేచి, అక్కడ కాసేపు ఆగి, మళ్ళీ కిందికి దిగింది.

"అక్కా, రా! వీడు గోడ పగలగొట్టేలా ఉన్నాడు!" అని అరిచాడు బామ్మర్ది బయటి నుంచి.

వెళ్ళింది. మళ్ళీ వస్తానని చెప్పలేదు. నేనూ అడగలేదు.

మిషన్ ఉన్నచోట నేలమీద దాని కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. కుర్చీ జరిపి అక్కడ వేసుకుని కూర్చున్నాను. ఈ గదిలో వెలుతురు బాగానే ఉంది. ఎప్పుడూ బాగానే ఉండేది.